రీలోడింగ్ బల్ల: ముందు ఏం కొనాలి?

కొత్త_బల్ల: లైసెన్సు, అనుమతులు అన్నీ ఉన్నాయి. వాడేసిన .308 రైఫిల్ కేసుల్ని (తూటా ఇత్తడి గొట్టాల్ని) మళ్లీ నింపుకోవడానికే, నెలకి వంద తూటాలు దాటవు. ప్రొగ్రెసివ్ ప్రెస్ (కేసుల్ని నొక్కే యంత్రం) మీద మనసుంది. బల్ల పైపలక 18 మి.మీ. ప్లైవుడ్. సరిపోతుందా?

ఇత్తడి_గొట్టం: వందకి ప్రొగ్రెసివ్ దేనికండీ? హ్యాండిల్ ఒక్కసారి లాగితే నాలుగైదు చోట్ల నాలుగైదు పనులు జరుగుతాయి, చూడాల్సిన కళ్లు మాత్రం రెండే. ఒక్కసారికి ఒకే పని చేసే సింగిల్ స్టేజ్ చాలు. ఫ్రేమ్ O ఆకారంలో ఉన్నదే తీసుకోండి. C ఆకారం రైఫిల్ కేసు సైజు చేసేటప్పుడు (డై అనే అచ్చులో నొక్కి అసలు కొలతకి తెచ్చేటప్పుడు) నోరు తెరుచుకుంటుంది, కొలత ఒక్కో కేసుకి ఒక్కోలా వస్తుంది. డై మరలు దాదాపు అన్నిటికీ ఒకటే, 7/8-14, కాబట్టి రేపు ప్రెస్ మార్చినా డైలు పనికొస్తాయి.

18 మి.మీ. చాలదు. రెండు పలకలు జిగురుతో అతికించి 36 చేయండి. ప్రెస్‌ని బల్ల మధ్యలో కాకుండా కాలు పక్కన బిగించండి. చెక్క స్క్రూలు వద్దు, నెలల్లో వదులవుతాయి. ఆరపార బోల్టులు, కింద వెడల్పాటి వాషర్లు లేదా ఇనుప పట్టీ. బల్లని గోడకి కట్టేయండి. బల్ల మీద గిన్నెడు నీళ్లు పెట్టి హ్యాండిల్ లాగితే నీళ్లు తొణకకూడదు, అదీ లెక్క.

త్రాసు_ముల్లు: అందుకే పౌడర్ (తూటా మందు) తూచే త్రాసుకి వేరే అర, గోడకి. ప్రెస్ మీద మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి. 0.01 గ్రాము చూపే నగల త్రాసు కొనేవాళ్లున్నారు. అది పౌడర్ తూచే కొలతలో 0.15 గ్రెయిన్, మనకి కావాల్సింది 0.1 (6.5 మిల్లీగ్రాములు). ఎలక్ట్రానిక్‌దైతే ముందే ఆన్ చేసి వేడెక్కనివ్వాలి. ఫ్యాన్ ఆపాలి, ఫోను దూరంగా పెట్టాలి. ఏది కొన్నా త్రాసుని సరిచూసే చెక్ వెయిట్లు (బరువు ముందే తెలిసిన తూకపు రాళ్లు) తప్పనిసరి. మొదలుపెట్టేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి. సున్నా కదిలిందంటే అంతకుముందు తూచినవన్నీ మళ్లీ తూచాల్సిందే.

కొత్త_బల్ల: కార్బైడ్ డై కొంటే కేసులకి లూబ్ (జిడ్డు) అక్కర్లేదంటున్నారు?

ఇత్తడి_గొట్టం: అది నిటారు గోడల పిస్టల్ కేసులకి. .308కి మెడ, భుజం ఉన్నాయి, లూబ్ లేకపోతే డైలోనే బిగుసుకుపోతుంది. ఇంకా బలంగా లాగితే కేసుని పట్టుకునే షెల్‌హోల్డర్ దాని అడుగు అంచుని (రిమ్ముని) చీల్చుకుని వచ్చేస్తుంది, కేసు లోపలే ఉండిపోతుంది. అప్పుడు కేసు అడుగున రంధ్రం చేసి, మర కోసి, బోల్టుతో బయటికి లాగాలి. ఆ కిట్టు ముందే కొని పెట్టుకోండి, అవసరం పడేది ఎప్పుడూ దుకాణాలు మూసేశాకే. అలాగని లూబ్ దట్టంగా పూయొద్దు, భుజం మీద సొట్టలు పడతాయి. వేళ్లకి జిడ్డు తెలిసేంత, అంతే. సైజు చేశాక కాలిపర్ పెట్టండి. పొడవు 51.18 మి.మీ. దాటితే ట్రిమ్ చేయాలి. లేకపోతే చాంబర్‌లో కేసు మూతి బుల్లెట్‌ని నొక్కి పట్టుకుంటుంది, పీడనం పెరుగుతుంది.

ఒకే_డబ్బా: పౌడర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా. పని అయ్యాక హాపర్‌లో (పౌడర్ పోసే ప్లాస్టిక్ గొట్టంలో) మిగిలింది అదే డబ్బాలోకి తిరిగి పోయాలి. రాత్రంతా వదిలేస్తే ప్లాస్టిక్ మసకబారుతుంది, పైగా తెల్లారాక అది ఏ పౌడరో గుర్తుండదు. కేసులన్నీ బ్లాకులో (రంధ్రాలున్న పలకలో) నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి మట్టం చూడండి. ఒకటి ఎత్తుగానో పల్లంగానో ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. ఎంత పోయాలన్నది పౌడర్ తయారీదారు మాన్యువల్‌లోనే చూడాలి, ఇక్కడ అడగొద్దు, ఎవరైనా చెప్పినా వినొద్దు.

కొత్త_బల్ల: నిల్వకి పాత ఇనుప పెట్టె ఉంది, గాలి చొరదు.

ఒకే_డబ్బా: అదే వద్దు! మంట తగిలితే బిగించిన ఇనుప పెట్టె బాంబవుతుంది. చెక్క అలమరా, చల్లగా, పొడిగా ఉండేచోట, తాళంతో. ప్రైమర్లు (పౌడర్‌ని రాజేసే చిన్న మూతలు) వాటి సొంత అట్టపెట్టెల్లోనే, పౌడర్‌కి దూరంగా. కింద పౌడర్ ఒలికినా ప్రైమర్ పడినా వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, మెత్తటి కుంచె చాలు. కేసులు శుభ్రం చేసే టంబ్లర్ దుమ్ములో సీసం ఉంటుంది, ఆరుబయట మాస్కు కట్టుకుని జల్లించండి. బల్ల దగ్గర టీ గ్లాసు కూడా వద్దు.