బంబుల్ బీ బాక్సుల్లో ప్రోబయాటిక్ కలపాలా, వద్దా?

శ్రీధర్_వెస్ట్‌ల్యాండ్:
నెదర్లాండ్స్‌లో గ్రీన్‌హౌస్ టమాటా చూసుకుంటాను. పూత కాయ కట్టడానికి బంబుల్ బీలు (తేనెటీగల్లాంటి పెద్ద ఈగలు) ఉన్న బాక్సులు కొని పెడతాం. ఆ బాక్సుల పాకంలో కలపమని ల్యాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా పొడి అమ్ముతున్నారు, కలుపుదామనుకుంటున్నా. గదుల్లో పెంచిన ఈగల పొట్టలోకి మంచి బ్యాక్టీరియా ఇంకెలా వస్తుంది?

రేణుక:
తోటి ఈగల నుంచి వస్తుందండీ. 2011లో కోఖ్, ష్మిడ్-హెంపెల్ అనే పరిశోధకులు చూపించింది అదే. కొత్తగా పుట్టిన ఈగలకు గూటిలోని ఈగల మలం అందితే క్రిథీడియా అనే పరాన్నజీవి బాగా తగ్గింది. వీటి పొట్టలో స్థిరంగా ఉండేవి స్నోడ్‌గ్రాసెల్లా, గిలియమెల్లా, వీటికే అలవాటైన ల్యాక్టోబాసిల్లస్ రకాలు అనే బ్యాక్టీరియాలు. పెరుగులో ఉండే రకం పాకంలో పోసినంత మాత్రాన అక్కడ నిలబడదు.

శ్రీధర్_వెస్ట్‌ల్యాండ్:
అయితే మలం తినిపించమంటారా?

వేణు:
మన మదనపల్లె టమాటాకి ఇవి పనికొస్తాయా?

కిషోర్:
ఇండియాలో ఇవి హిమాలయాల వైపు ఈగలు వేణూ. హిమాచల్‌లో నౌణీ యూనివర్సిటీ వాళ్లు పెంచి చూశారు.

రేణుక:
తినిపించమనలేదు శ్రీధర్ గారూ. గూడు ఆరోగ్యంగా ఉంటే అదే అందుతుంది.

శ్రీధర్_వెస్ట్‌ల్యాండ్:
మీరు చదివింది చెబుతున్నారు, నేను నష్టపోయింది చెబుతున్నా. పోయిన సీజన్‌లో వచ్చిన బాక్సుల్లో ఈగలు రోజూ రాలి చచ్చాయి, అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే మీరే పురుగుమందు కొట్టి ఉంటారన్నారు. కాయ కట్టక పూత రాలిపోయింది. ఈసారి ఏదో ఒకటి కలుపుకుంటా, మధ్యలో మీకేంటి ఇబ్బంది?

రేణుక:
ఉంది ఇబ్బంది! పైన కిటికీలు తెరిస్తే మీ ఈగలూ బయటి ఈగలూ వాలేది ఒకే పూల మీద. బ్రిటన్‌కు దిగుమతైన కాలనీలను పరీక్షిస్తే 77 శాతంలో పరాన్నజీవులు దొరికాయని 2013లో అచ్చయింది, వాటికి మేతగా ఇచ్చిన పుప్పొడిలో కూడా ఉన్నాయి, అమ్మింది మాత్రం జబ్బుల్లేనివని చెప్పి. 1990ల చివర చిలీకి తెచ్చిన, మీ బాక్సుల్లో ఉండే ఈ జాతి 2006కల్లా అర్జెంటీనా చేరింది, పాకిన చోటల్లా డాల్‌బోమీ అనే అక్కడి పెద్ద బంబుల్ బీ తగ్గిపోయింది. మీరు పొడి కొనుక్కుంటూ ఉంటే కంపెనీ పుప్పొడి పరీక్షించే పని తప్పించుకుంటుంది.

శ్రీధర్_వెస్ట్‌ల్యాండ్:
అంటే మీ గొడవ పొడితో కాదు, కంపెనీతో. పరీక్షలు పెంచితే బాక్సు ధర పెరుగుతుంది, కట్టేది మేమే. అది చెప్పరేం?

రేణుక:
పెంచి అమ్మేవాళ్లే ఆ ఖర్చు పెట్టుకోవాలి. చచ్చిన ఈగల్ని మీరు ల్యాబ్‌కి పంపి ఉంటే మందు మాట అనగలిగేవాళ్లా?

శ్రీధర్_వెస్ట్‌ల్యాండ్:
పంపమని అప్పుడెవరు చెప్పారండీ. ఈసారి రాలినవి ఫ్రీజర్‌లో పెడతా. పొడి కూడా కలుపుతా.