రెండేళ్లు పడిన బీపీ మాత్రకు ఇప్పుడు పెదవి వాస్తుందా?

కర్నూలు, ప్రశ్న: 58 ఏళ్ల మనిషి, రెండేళ్లుగా రామిప్రిల్ 5 మి.గ్రా. తెల్లారి లేచేసరికి పైపెదవి ఉబ్బింది. దద్దుర్లు, దురద లేవు. మాత్ర వల్లనా, రాత్రి తిన్న బుడ్డల (వేరుశనగల) వల్లనా?

ఆదోని ఫార్మసిస్ట్: మాత్ర కాదు. పడనిదైతే మొదట్లోనే తేలేది. సెట్రిజిన్ (అలర్జీ మాత్ర) వేస్తే మర్నాటికి తగ్గిందంటే తిండి అలర్జీనే.

అనంతపురం ఫిజీషియన్: ఆ రెండు మాటలూ నిలవవన్నా. ప్రిల్ మందుల (రామిప్రిల్ లాగా పేరు చివర ‘ప్రిల్’ ఉండే బీపీ మందుల) వాపు మొదటి నెలలో ఎక్కువే గానీ, ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. ఇందులో హిస్టమిన్ (అలర్జీలో దురద, వాపు తెచ్చే రసాయనం, సెట్రిజిన్ అడ్డుకునేది దాన్నే) పని లేదు. రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకినిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. ఆ బ్రాడీకినిన్ పోగుపడి రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో తనంతట తనే దిగుతుంది, పేరు సెట్రిజిన్‌కు పోతుంది. బుడ్డలదైతే సాధారణంగా రెండు గంటల్లోపే, దురదతో బయటపడేది.

కడప పీజీ: ప్రిక్ టెస్టుతో (చర్మం మీద సూదితో గుచ్చి చేసే అలర్జీ పరీక్షతో) తేల్చొచ్చు కదా సార్?

అనంతపురం ఫిజీషియన్: తేలదమ్మా. ఇది ఐజీఈ (అలర్జీ తెచ్చే యాంటీబాడీ) వల్ల వచ్చే వాపు కాదు, కాబట్టి టెస్టు నెగటివే వస్తుంది. అది చూసి మళ్లీ అదే మాత్ర మొదలుపెడతారు, అసలు ముప్పు అక్కడే. స్ట్రిప్పులన్నీ తెప్పించి, కంపెనీ పేరు కాకుండా లోపలి మందు పేరు చదవండి. షుగరుకు విల్డాగ్లిప్టిన్ కూడా వాడుతుంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. సీ4 (రక్తంలోని ఒక ప్రొటీన్) పరీక్ష చేయిస్తే వంశపారంపర్య వాపు సంగతి కొంత తెలుస్తుంది. ప్రిల్ ఆపేసి, అదే రోజు డాక్టరు చేత వేరే రకం బీపీ మందు రాయించాలి.

ఆదోని ఫార్మసిస్ట్: ఆపిన పది రోజులకు మళ్లీ వాస్తే? అప్పుడు మాత్ర నిర్దోషే కదా!

అనంతపురం ఫిజీషియన్: కాదు. ఆపాక కూడా కొన్ని వారాలు వాపు తిరిగి రావచ్చు. నెలల తరబడి చూడాలి. మార్చి ఇచ్చింది ఆమ్లోడిపిన్ అయితే, రేపు చీలమండలు వాచాయని, అది ఆ మందుకు మామూలే, దాన్నీ అలర్జీ ఖాతాలో రాయొద్దు.

కడప చర్మవైద్యురాలు: మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ (మూత్రం ఎక్కువ పోయించే బీపీ మందు) కలిసి ఉంటే కథ వేరు. ఎండ తగిలే మొహం, మెడ, ముంజేతుల మీద మచ్చలుండి, చొక్కా కింద చర్మం బాగుంటే దాన్ని అనుమానించండి.

ఆదోని ఫార్మసిస్ట్: టెల్మిసార్టాన్‌కు మార్చితే? అదీ ప్రిల్ మందులకు దగ్గరి చుట్టమే.

అనంతపురం ఫిజీషియన్: చాలామందికి పడుతుంది, వాపు ముప్పు తక్కువ. అయినా వెంటనే కాదు, నేనైతే కొన్ని వారాలు ఆగి ఇస్తాను. సాక్యుబిట్రిల్ (గుండె బలహీనతకు ఇచ్చే మందు) కలిసిన మాత్ర మాత్రం ఈయనకు ఎప్పటికీ వద్దు. ఈలోగా నాలుక మందమైనా, గొంతు మారినా, ఉమ్ము మింగలేకపోయినా 108కి ఫోన్ చేయండి, సెట్రిజిన్ వేసి చూద్దామని కూర్చోవద్దు.