ప్రోనోటు సంతకం నాది కాదంటున్నాడు, జడ్జిగారే తేల్చరా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి): అన్నా, సిటీ సివిల్ కోర్టులో మా నాన్న బాకీ దావా నడుస్తోంది. సంతకమే తనది కాదంటున్నాడు అవతలివాడు. నాన్నకు ఒకటే టెన్షన్. నిజం జడ్జిగారే విచారించి తేల్చరా?

జవాబు: తమ్ముడూ, సివిల్ కేసులో జడ్జి పోలీసులా ఆధారాలు వెతకరు. సంతకం అతనిదేనని రుజువు చేయాల్సింది మీరే. భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 104. (2024 జులై 1కి ముందు వేసిన దావా అయితే 1872 నాటి పాత సాక్ష్య చట్టమే.) నోటు రాసినాయన, సాక్షి సంతకం పెట్టినాయన ఉన్నారా? ముందు వాళ్లను బోనెక్కించండి. సంతకం రుజువైతే అతనికి డబ్బు ముట్టిందనే కోర్టు భావిస్తుంది. కాదని చూపాల్సిన బాధ్యత అప్పుడు అతనిది.

మరో జవాబు: జడ్జి ఊరికే చూస్తూ కూర్చోరు కూడా. సాక్షిని ఏ ప్రశ్నైనా అడగొచ్చు, కాగితాలు తెమ్మనొచ్చు. కానీ మీరు వదిలేసిన సాక్ష్యాన్ని ఆయన పూరించరు. దావాకు ముందు అతను బ్యాంకులో పెట్టిన సంతకాలు తెప్పించి, నిపుణుడికి పంపమని పిటిషన్ వేయించండి.

ప్రశ్న వేసినవారు: నోటు రాసిన బాబాయి యాకుత్‌పురాలోనే ఉన్నాడన్నా. రేపు నాన్నను తీసుకుని వెళ్తాను.