ఫ్లైయాష్ జియోలైట్‌లో సోడలైట్ ఎక్కువ వస్తోంది, ఎలా ఆపాలి?

కృష్ణపట్నం థర్మల్ ఫ్లైయాష్‌తో కార్బన్ డయాక్సైడ్ పట్టే జియోలైట్ ఎక్స్ (సూక్ష్మ రంధ్రాలున్న స్ఫటిక పదార్థం) చేస్తున్నాం. అయస్కాంతంతో ఇనుము తీసి, 10 గ్రాముల బూడిదకు 12 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి నూరి, నికెల్ మూసలో 550 డిగ్రీల దగ్గర గంటసేపు కాలుస్తున్నాం. పింగాణీ మూసైతే సోడా తినేస్తుంది. ఆకుపచ్చగా గట్టిపడిన ముద్దను పొడిచేసి, 100 మిల్లీలీటర్ల నీటిలో 12 గంటలు కలియబెట్టి, 95 డిగ్రీల దగ్గర 24 గంటలు కదపకుండా ఉంచుతున్నాం.

ఏ స్ఫటికం వచ్చిందో చూపే ఎక్స్‌రే పరీక్షలో 6.1 డిగ్రీల కోణం దగ్గర జియోలైట్ ఎక్స్ శిఖరం చిన్నగా, 14 దగ్గర సోడలైట్‌ది (మాకు అక్కర్లేని మరో స్ఫటికం) పెద్దగా వస్తోంది. సోడలైట్ కిటికీలు (రంధ్రాల ద్వారాలు) మరీ ఇరుకు, వాయువు లోపలికి దూరదు. సోడా తగ్గిస్తే బూడిదలోని ముల్లైట్ అనే గట్టి ఖనిజం కరక్కుండా మిగిలిపోతోంది.

24 గంటలను 8కి తగ్గించాలా, నీళ్లు పెంచాలా? చేసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి, దయచేసి.