పాత మేసన్ లాడ్జి పుట్టిన సంవత్సరం తేల్చేదెలా?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పట్టణపు ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లనే సోదర సంఘం వాళ్ల స్థానిక శాఖ) చరిత్ర రాస్తున్నాను. వారంట్ (లాడ్జి పెట్టుకోవడానికిచ్చే అనుమతి పత్రం) మీద 5838 అని ఉంది. మినిట్స్ (సమావేశాల నమోదు) పుస్తకంలో మొదటి సమావేశం ఆ తర్వాతి ఏడాదిది. పాత రసీదుల మీద ఒక నంబరు, ఇప్పుడు ఇంకో నంబరు. ఇవి రెండు వేర్వేరు లాడ్జిలా? స్థాపకులుగా ఎవరి పేర్లు ఇవ్వాలి?

జవాబు 1:
5838లోంచి 4000 తీసేయండి, 1838. సృష్టి నాటి నుంచి లెక్కపెట్టే మేసన్ల శకం అది.

స్థాపన తేదీగా వారంట్ తేదీనే వేయండి. కనీసం ఏడుగురు మేసన్లు సంతకాలు చేసి పిటిషన్ పెట్టాలి, వేరే లాడ్జి ఒకటి సిఫారసు చేయాలి, లాడ్జిలన్నిటి అధిపతి అయిన గ్రాండ్ మాస్టర్ వారంట్ ఇవ్వాలి. ధాన్యం, ద్రాక్షసారా, నూనెలతో ప్రతిష్ఠ జరిగేది ఆ తర్వాతే. మధ్యలో నెలలు గడవడం మామూలే కాబట్టి మీ రెండు తేదీల్లో తిరకాసేమీ లేదు. రెండూ ఇవ్వండి, ఏది దేనిదో మాత్రం స్పష్టంగా రాయండి.

జవాబు 2:
నంబర్ల సంగతి. 1813 డిసెంబరు 27న రెండు పోటీ గ్రాండ్ లాడ్జిలు (లాడ్జిలపై అజమాయిషీ చేసే సంస్థలు) ఏకమయ్యాయి. దాంతో 1814లో లాడ్జిలన్నిటికీ కొత్త నంబర్లు పడ్డాయి. మూతపడినవాటి ఖాళీలు పూడుస్తూ 1832లో, 1863లో మళ్లీ మార్చారు. 1838 లాడ్జికి తగిలేది 1863 మార్పు ఒక్కటే. ఆ రసీదులు అంతకు ముందువైతే లాడ్జి ఒకటే అయ్యుండాలి.

ఒక్క జాగ్రత్త. మీ పాత నంబరు 1863 తర్వాత మరో లాడ్జికి వెళ్లి ఉంటుంది. ఉత్త నంబరు పట్టుకుని వెతికితే వేరే ఊరి కాగితాలు చేతికొస్తాయి. నంబరు రాసిన ప్రతిచోటా ఏ కాలానిదో పక్కనే రాయండి.

జవాబు 3:
స్థాపకులంటే పిటిషన్ మీద సంతకం చేసినవాళ్లే. మొదటి సమావేశంలో దీక్ష తీసుకున్నవాళ్లు కారు. మినిట్స్‌లో అందరి పేర్లూ ఒకేచోట కనబడతాయి కాబట్టి చాలామంది వీళ్లనీ కలిపేస్తారు. లండన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్రీమేసన్రీలో గ్రాండ్ లాడ్జి రిజిస్టర్లుంటాయి, వాటితో సరిచూడండి.

ఇంకో మంచి ఆధారం ఉంది. 1799 నాటి రహస్య సంఘాల చట్టం ప్రకారం ప్రతి లాడ్జీ ఏటా సభ్యుల పేరు, నివాసం, వృత్తి రాసి కౌంటీ అధికారికి ఇవ్వాల్సి ఉండేది. చట్టం 1967 దాకా అమల్లో ఉంది. ఆ జాబితాలు కౌంటీ రికార్డు ఆఫీసుల్లో, క్వార్టర్ సెషన్స్ (మూడు నెలలకోసారి కూర్చునే పాత కౌంటీ కోర్టుల) కాగితాల్లో దొరుకుతాయి. స్థాపకులు ఏ పనులు చేసుకునేవాళ్లో తెలిసేది వీటిలోనే.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగం అండీ. మధ్యలో కొన్నేళ్ల మినిట్స్ లేవు. లాడ్జి ఆగిపోయిందనుకోవాలా?

జవాబు 1:
పుస్తకం పోయినంత మాత్రాన అలా రాయకండి. ఆ ఏళ్లలో గ్రాండ్ లాడ్జికి చందాలు వెళ్లాయేమో రిజిస్టర్‌లో చూడండి. శతాబ్ది వారంట్ ఉందేమో కూడా అడగండి. వందేళ్లు ఎడతెగకుండా నడిచినట్టు రుజువు చూపితేనే దాన్ని ఇస్తారు.