‘ఉచిహనషి’ని తెలుగులో ఏమనాలి? ముడి కాదు, పోత

జపాను వాస్తుశిల్పి తడావో ఆండో కట్టడాల గురించి తెలుగులో రాస్తున్న ఒకరు, ‘ఉచిహనషి’ అనే జపనీస్ మాటకు తెలుగు ఏమిటని అడిగారు. పైన ప్లాస్టరింగ్, రంగు ఏదీ వేయకుండా పోసినది పోసినట్టే ఉంచే కాంక్రీటుకు ఆ పేరు. ఇప్పటిదాకా మిత్రులు ‘ముడి కాంక్రీటు’, ‘నగ్న కాంక్రీటు’, ‘పచ్చి కాంక్రీటు’ సూచించారు. మూడింటితోనూ నాకు పేచీ ఉంది. నా ఓటు ‘పోత గోడ’కు.

‘పచ్చి’ని వెంటనే పక్కన పెట్టవచ్చు. మేస్త్రీల నోట పచ్చి స్లాబు అంటే ఇంకా గట్టిపడనిది, కాలు మోపకూడనిది. ‘నగ్న’ అంటే తొడగవలసిన బట్ట తొడగలేదన్న ధ్వని వస్తుంది. ఈ గోడకు మొదటినుంచీ ప్లాస్టరింగ్, రంగు అన్న ఆలోచనే లేదు. ‘ముడి’ వీటికన్నా గట్టి మాటే. కానీ ముడిసరుకు, ముడి చమురు, ముడి పట్టు అన్నప్పుడు అసలు పని ఇంకా జరగవలసి ఉందని అర్థం. ఆండో గోడలో పని అంతా కాంక్రీటు పోయకముందే జరిగిపోతుంది.

ఆ పని ఎంతో చూడండి. సెంట్రింగుకు వాడే చెక్క పలక 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు. ఇంచుమించు జపాను ఇళ్లలో పరిచే తతామి చాపంత. లోపలి ముఖానికి నున్నటి పూత వేసి, పలకల అతుకుల్లోంచి సిమెంటు పాలు కారిపోకుండా బిగిస్తారు. పాలు కారితే అక్కడ గోడ గుల్లబారుతుంది, తరువాత దిద్దడం కష్టం. రెండు వైపుల పలకలను పట్టి ఉంచిన కడ్డీల చోట గుండ్రటి గుంటలు మిగులుతాయి. పలకకు ఆరు చొప్పున గోడంతా వరుస తప్పకుండా కనిపించే ఆ గుంటలే ఆండో గోడకు గుర్తు. గోడ పట్టులా మెరుస్తున్నదంటే ఆ గొప్ప సగం వడ్రంగిది. దానిని ‘ముడి’ అనడం ఆ వడ్రంగికి అన్యాయం అని నిజంగానే అనిపిస్తుంది నాకు.

ఇక మాటలోకి వద్దాం. ‘ఉత్సు’ అంటే కొట్టడం. కాంక్రీటు పోయడానికీ జపనీస్‌లో ఇదే క్రియ. పోసినదాన్ని కర్రలతో కుక్కి, పలకలను బయటినుంచి తట్టి సర్దే పని తలుచుకుంటే ఆ క్రియ ఎంత కుదిరిందో తెలుస్తుంది. ‘హనసు’ అంటే వదలడం. ఇదే వదలడం వాళ్ల ఇళ్లలో మందలింపుగానూ వినిపిస్తుంది: ‘అకెప్పనషి’ అంటే తలుపు తీసి అలాగే వదిలేయడం. మన ‘వదిలేశాడు’లో ఉన్న నిందే అందులోనూ ఉంది. అందుకని ‘పోసి వదిలిన గోడ’ అని అక్షరాలా దించవచ్చు. కానీ ఆ మాట వింటే మనకు పైకి చువ్వలు పొడుచుకొచ్చి డబ్బు చాలక ఆగిపోయిన ఇల్లే కళ్లకు కడుతుంది. ‘పోత’కు ఆ ఇబ్బంది లేదు. పోత విగ్రహం, పోత ఇనుము అని ఎప్పటినుంచో అంటున్నాం. అచ్చులో పోసినది, అచ్చు విప్పగానే తుదిరూపం. మొదటిసారి రాసినప్పుడు ‘పూత లేని పోత గోడ’ అనండి, తరువాత ‘పోత గోడ’ చాలు.

ఒసాకా దగ్గరి ఇబారకిలో 1989లో పూర్తయిన ఆండో చర్చి (ఇంగ్లీషులో ‘చర్చ్ ఆఫ్ ది లైట్’) పేరు గురించి కూడా అడిగారు. ‘కాంతి చర్చి’ వద్దు, ‘వెలుగు చర్చి’ అనండి. తెలుగు క్రైస్తవుల ప్రార్థనల్లో పలికే మాట వెలుగే. వేదిక వెనక గోడను శిలువ ఆకారంలో చీల్చారు. శిలువ అక్కడ వస్తువు కాదు, చీలిక. ఆ చీలికకు అద్దం కూడా ఉండకూడదని, గాలీ చలీ లోపలికి రావాలని ఆండో పట్టుబట్టాడు. ప్రార్థనకు వచ్చేవారు చలికి తాళలేరు కనుక అద్దం బిగించారు. 2017లో టోక్యో ప్రదర్శనలో అదే చర్చిని నిలువెత్తున మళ్లీ కట్టినప్పుడు మాత్రం అద్దం లేకుండానే నిలబెట్టాడు. ఇంత మొండితనం ఉన్న మనిషి పని గురించి రాస్తూ ‘ప్రకృతితో మమేకం’ అనే అరిగిన మాట వాడకండి. ఎండ, వాన, గాలి, చలి అని పేరు పెట్టి చెప్పండి. అవాజీ ద్వీపంలో ఆయనే రూపొందించిన హొంపుకుజి బౌద్ధ ఆలయంలో తామరకొలను మధ్య నుంచి మెట్లు దిగి గర్భాలయానికి వెళ్లాలి. అక్కడ కూడా ‘ప్రకృతి’ అవసరం లేదు, తామరకొలను చాలు.

చివరిగా, ఒసాకాలో ఆండో కట్టిన సుమియోషి ఇల్లు. 1976 నాటిది. వీధి వైపు కిటికీలే లేని సన్నటి పోత పెట్టె. దాన్ని మూడు భాగాలు చేసి నడిమి భాగాన్ని ఆకాశానికి వదిలేశాడు. మేడమీది పడకగది నుంచి కింద స్నానాల గదికి వెళ్లాలంటే ఆ ఖాళీ దాటాలి, వానొస్తే గొడుగు పట్టుకోవాలి. దీన్ని ‘మండువా’ అన్నారు ఒక మిత్రుడు. నడుమ ఆకాశం కనబడుతుంది కనుక తొందరగా తట్టే మాటే. కానీ మండువా లోగిలిలో చుట్టూ వసారా ఉంటుంది, వాన చూస్తూ తడవకుండా ఈ గది నుంచి ఆ గదికి వెళ్లవచ్చు. సుమియోషిలో ఆ వసారానే లేదు. మండువా అని రాస్తే చదివేవారు ఆ వసారాను మనసులో తమంతట తామే కట్టుకుంటారు, గొడుగు అర్థం కాకుండా పోతుంది. ‘నడిమి వాకిలి’ అనడం మేలు. కోస్తాలో కొందరికి వాకిలి అంటే ద్వారబంధమే కనుక, మొదటిసారి ‘పైకప్పు లేని నడిమి వాకిలి’ అని రాయండి.