ఇంట్లో ఫ్రోజెన్ కాక్‌టెయిల్: ఐసు వేసి తిప్పాలా, ముందే గడ్డకట్టించాలా?

పెన్న ఒడ్డు (నెల్లూరు)
ఆదివారం సాయంత్రం మా మేడ మీద స్నేహితులు కలుస్తున్నారు. మామిడిపండు, వైట్ రమ్ముతో ఫ్రోజెన్ డైక్విరీ (రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపే కాక్‌టెయిల్) చేయాలని ఉంది. ఫ్రిజ్ ఐసు వేసి మిక్సీలో తిప్పితే కాసేపటికే ఐసు పైకి తేలి, అడుగున పల్చటి నీళ్లు మిగులుతున్నాయి. ఐసు మానేసి పండునే గడ్డకట్టించి వేద్దామని మా తమ్ముడంటాడు. ఐసు లేకపోతే అది మిల్క్‌షేక్‌లా ఉంటుందని నా మాట. మీరేమంటారు?

ఒంగోలు బాబాయ్
నేను ఐసు పక్షమే. ఈ డ్రింకుకు పేరు తెచ్చింది క్యూబా రాజధాని హవానాలోని ఎల్ ఫ్లోరిడీటా బారు. అక్కడ కాన్‌స్టాంటె రిబలైగ్వా అనే ఆయన రమ్ము, నిమ్మరసం, పంచదారతో పాటు నలిపిన ఐసు వేసి బ్లెండర్‌లో తిప్పేవాడు. అబ్బయా, నలిపిన ఐసు అన్నాను, చూశావా? మీ ఇబ్బందంతా అక్కడే ఉంది. ట్రేలో ముక్కలు అలాగే వేస్తే కొన్ని పొడి అవుతాయి, కొన్ని రాళ్లలా మిగులుతాయి. ఐసును మందపాటి గుడ్డలో మూటగట్టి రోకలితో కొట్టి వేయండి. ఒక గ్లాసుకు రమ్ము 60 మి.లీ., నిమ్మరసం 30, పాకం 30, ఐసు రెండు గుప్పిళ్లు. జారును ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. ఆపి ఆపి తిప్పండి, లేకపోతే మోటారు వేడెక్కి కింద ఎర్ర బటన్ ఎగిరిపోతుంది.

కావలి కుర్రోడు
బాబాయ్, అది బారులో సంగతి. గ్లాసు చేతికందగానే తాగేస్తారు. ఇక్కడ మేడ మీద, సాయంత్రం ఆరింటికి కూడా గచ్చు కాలుతూనే ఉంటుంది. ఐసు కరిగితే నీళ్లే, పండు కరిగితే రసం. తేడా అంతా అదే. ఉలవపాడు బంగినపల్లి ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా పళ్లెంలో పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. జారులో ముందు రమ్ము, నిమ్మరసం పోసి, తర్వాత ముక్కలు కొద్దికొద్దిగా వేయండి. మామిడి గుజ్జు చిక్కన కాబట్టి త్వరగా విడిపోదు.

ఒంగోలు బాబాయ్
చిక్కగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ రెండో గ్లాసుకు నోరు మొద్దుబారుతుంది. పులుపు, రమ్ము రెండూ ఆ గుజ్జు కింద పడిపోతాయి. ఎండాకాలం తాగేది తేలిగ్గా ఉండాలి కదా.

ట్రంకురోడ్డు
మీరిద్దరూ మిక్సీ దగ్గరే ఆగిపోయారు. అమెరికాలో డల్లస్‌కు చెందిన మరియానో మార్టినెజ్ 1971లో ఐస్‌క్రీమ్ మెషీన్‌ను మార్చి ఫ్రోజెన్ మార్గరీటా (టెకీలా అనే మందు, నిమ్మరసం కలిపే కాక్‌టెయిల్) మెషీన్ చేశాడు. ఆ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అందులో ఐసు నలపడమే లేదు, కలిపిన డ్రింకునే చల్లబరుస్తూ తిప్పుతారు. ఆల్కహాలు, పంచదార ఉన్నందుకు అది రాయిలా కాకుండా మెత్తగా గడ్డకడుతుంది.

ఇంట్లో స్టీలు టిఫిన్ డబ్బాలో అన్నీ కలిపి రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే చాలు. నలుగురికి ఒక క్వార్టర్ (180 మి.లీ.) రమ్ము, మామిడి గుజ్జు 400, నిమ్మరసం 80, నీళ్లు 200, పంచదార నాలుగైదు చెంచాలు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది కాబట్టి మొత్తం మీద ఆల్కహాలు తొమ్మిది శాతం లోపే వస్తుంది. రమ్ము ఎక్కువ పోస్తే రాత్రంతా పెట్టినా జావగానే ఉంటుంది. రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తీపిగా ఉండాలి, చల్లబడ్డాక నాలుకకు తీపి తగ్గినట్టు తెలుస్తుంది. పొద్దున్నే ఫోర్కుతో గీకితే సరి.

పొదలకూరు తోట
నిమ్మరసం మాత్రం అప్పటికప్పుడు పిండిందే వాడండి. గట్టిగా పిండితే తొక్క చేదు దిగుతుంది. ఇంకో మాట, ఐసు చాలకపోతే రొయ్యల బండ్లకు వేసే ఫ్యాక్టరీ దిమ్మ ఐసు మాత్రం తేవద్దు. అది తాగడానికి చేసింది కాదు.

సింగరాయకొండ అక్క
రుచి గురించి అందరూ చెప్పారు. ఎంత తాగుతారో ఒక్కరూ అడగలేదు. చల్లగా, తియ్యగా ఉంటే మందు ఘాటు తెలియదు, జ్యూస్‌లా గడగడా దిగుతుంది. రోహిణి కార్తెలో పగలంతా చెమట పోసి ఉంటుంది, ఆల్కహాలుతో మూత్రం ఎక్కువై ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. ట్రంకురోడ్డు తమ్ముడూ, డబ్బాలో మందు కలిపి గడ్డకట్టిస్తే ఎవరి గ్లాసులో ఎంత పడిందో ఎలా తెలుస్తుంది? తాగనివాళ్లు, బండి నడిపేవాళ్లు ఏం చేయాలి? మందు లేకుండా గడ్డకట్టించండి. కావాలన్నవాళ్లకు పైన 30 మి.లీ. కొలిచి పోయండి.

ట్రంకురోడ్డు
అక్కా, మందు లేకపోతే అది రాయవుతుంది, చెంచా దిగదు.

సింగరాయకొండ అక్క
గంటకోసారి ఫోర్కుతో కలపండి. లేదా వడ్డించే ముందు పావుగంట బయట పెట్టి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. ఆ మాత్రం శ్రమ కోసం అందరికీ మందు కలపాలా?

కావలి కుర్రోడు
అక్క చెప్పిందే నాకూ నచ్చింది. పండు ముక్కలు గడ్డకట్టిస్తే ఆ రాయి బాధ కూడా ఉండదు.

పెన్న ఒడ్డు (నెల్లూరు)
మామిడి, నిమ్మ, పంచదార మందు లేకుండా ఒక డబ్బాలో పెడతాను. రమ్ము పక్కన కొలత గ్లాసుతో. పులుపు తేలాలన్నవాళ్లకు బాబాయ్ పద్ధతిలో రోకలితో నలిపిన ఐసు విడిగా. మంచినీళ్ల కుండ మేడ మీదే. బాబాయ్, నలిపిన ఐసు ఎంతసేపు ముందు సిద్ధం చేసుకోవచ్చు?

ఒంగోలు బాబాయ్
నలిపాక మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే ఒకే గడ్డ అవుతుంది. వాళ్లు మెట్లెక్కాక కొట్టు.